రేవు బ్యాండు పాడిన ఏడుపు పాట

బర్మాలో, యాంగోన్ శివారు తాకేటాలో ఉండే మా రూతక్క ఇంటికి ఇప్పుడు వెళ్ళినా గుమ్మంలోనే పులిసిన రొయ్యల ముద్ద వాసన ఎదురొస్తుంది. ఆ ముద్ద ఉన్న జాడీని అక్క ఒక నల్ల పెట్టె మీద పెడుతుంది. ఒకప్పుడు అది యాంప్లిఫయర్. యాంగోన్‌లో తెలుగులో రాక్ పాటలు పాడిన మా వాళ్ళ బ్యాండు గొంతు అందులోంచే వచ్చేదంటే అక్క పిల్లలే నమ్మరు. నమ్మించే ఓపిక అక్కకు లేదు.

మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో మూటలు మోశాడు. మా తరానికి వచ్చేసరికి తెలుగు చర్చిలోనూ చావింట్లోనూ మాత్రమే మిగిలింది. బడిలో బర్మీసు, వీధిలో బర్మీసు, కొట్లాటకూ బర్మీసే. మేం రెండు తెలుగు ముక్కలు మాట్లాడితే పెద్దలు మా యాసకు పళ్ళికిలించేవారు, మాట్లాడకపోతే భాష చచ్చిపోతోందని గుండెలు బాదుకునేవారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుండేది వాళ్ళ వరస.

అలాంటి ఇంట్లో రూతక్క బ్యాండు పెట్టింది. పేరు రేవు. పాట తనది, డ్రమ్ములు మేనత్త కొడుకు దావీదు బావవి, గిటారు పక్కింటి బర్మా కుర్రాడు కో జోది. అతనికి ఒక్క తెలుగు ముక్క రాదు, అయినా మా బావ కంటే శ్రద్ధగా నేర్చుకున్నాడు. వానాకాలమంతా సందులో మోకాలి లోతు నీళ్ళు, గోడలకు పాచి, ఎప్పుడొస్తుందో తెలియని కరెంటు. వీధి పిల్లలు 'మీ లాబీ' అని, అంటే కరెంటొచ్చిందని, అరవగానే బ్యాండు వాళ్ళు తింటున్న కంచాలు వదిలి సాధనకు పరుగెత్తేవారు.

అక్కకు ఆద్యంతం తెలిసిన తెలుగు పాట ఒక్కటే, మామ్మ పాడే ఏడుపు పాట. మామ్మంటే మా నాన్న తల్లి. మా వాళ్ళలో ఎవరు పోయినా ఆవిడే తలాపున కూర్చుని, కొప్పు విప్పుకుని, పోయినవాళ్ళకు ఏ కూర ఇష్టమో, ఎవరితో ఎందుకు పోట్లాడారో అంతా రాగం తీసి పాడేది. పక్కన కూర్చునే అక్కకు అది నోటికొచ్చేసింది. బతికున్న మనిషి పేరు పెట్టి ఆ పాట పాడకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. అలాంటివి పుట్టుకతోనే వస్తాయని పెద్దల నమ్మకం.

క్రిస్మస్ సాయంత్రం చర్చి వాకిట్లో అరిసెలూ, కొబ్బరిపాల నూడుల్సూ తిని అందరూ కుర్చీల్లో చేరబడ్డారు. అక్క మామ్మ బతుకంతా ఆ రాగంలో పెట్టి, ఆవిడ పేరు పిలిచి, డ్రమ్ములతో పాడింది. ఆవిడకు కానుకనుకుంది పిచ్చిది. ఎంత బాగా పాడిందో!

మామ్మ లేచి నిలబడింది. "ఎవులు సచ్చినారే గుంటా? బతికుండగానే నాకు ఏడుపు కట్టీసినావేటి?"

వాకిలంతా గొల్లున నవ్వింది. బాబాయిలు అక్క యాసను వెక్కిరిస్తూ మళ్ళీ మళ్ళీ పాడారు. మామ్మ వదల్లేదు. "నాను సచ్చినా నువ్వు పాడకు. నా మీద ఒట్టు."

రేవు ఆ రోజుతో సరి. కో జో వేరే బ్యాండుకు వెళ్ళాడు, బావ నగరానికి అవతలి చివరనున్న లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో చేరాడు. అక్క ఆ తర్వాత తెలుగు మాట్లాడలేదు. పెద్దలు దాన్నీ తప్పే పట్టారు, పొగరన్నారు.

పోయిన వానల్లో మామ్మ చనిపోయింది. అప్పుడు తెలిసింది, ఆ పాట ఇంకెవరికీ రాదని. వెక్కిరించిన బాబాయిలే తలలు దించుకు కూర్చున్నారు. మేనత్త అక్క గడ్డం పట్టుకుంది. "పాడవే తల్లీ, ముసిల్దాన్ని ఏడుపు నేకండా పంపకూడదు."

మామ్మ ఒట్టు పెట్టింది, అని అక్క బర్మీసులో అంది. అని మామ్మ కాళ్ళు తుడుస్తూ కూర్చుంది. ఊరందరినీ పాడి సాగనంపిన మనిషి ఫ్యాను చప్పుడులో వెళ్ళిపోయింది. నాకు మామ్మ మీద జాలేసింది. అక్క మీద కోపం మాత్రం రాలేదు.

మొన్న ఆ నల్ల పెట్టె పక్కన కూర్చుని, పాట నాకైనా నేర్పమని అక్కను బతిమాలాను. అక్క జాడీ మూత బిగించి నావైపు చూసింది. ఇన్నేళ్ళకు మొదటిసారి తెలుగులో మాట్లాడింది.

"ఎవులు సచ్చినారు?"