గాజులు వేసుకునేది సుజాత

ఈ రోజు శ్రావణ శుక్రవారం. గుడి నుంచి వస్తూ, డౌన్ సిండ్రోమ్ ఉన్న మా అమ్మాయి సుజాతకు గాజులు వేయించడానికి రాబర్ట్‌సన్‌పేట బజారులో ఆగాము. తనకు ఇరవై రెండేళ్లు. అయినా అంగడాయన నా వైపే చూస్తూ అడిగాడు.

"పాపకి ఏ రంగు కావల్లమ్మా?"

నేను నోరు తెరిచేలోపే సుజాత చేయి చాపింది. "గాజులు నాకి కదప్పా? నన్ను అడుగు. ఎర్రవి!"

ఆయన నాలుక కరుచుకున్నాడు. "అవును తల్లీ, నిన్నే అడగాల్సింది" అంటూ ఆమె మెత్తటి చేతికి డజను ఎర్రగాజులు ఎక్కించాడు. తర్వాత నన్ను అడిగాడు. "ఇంగ మీకమ్మా?"

"అమ్మకి పచ్చవి" అంది సుజాత.

నా మనసు నీలం గాజుల మీద ఉండింది. పచ్చగాజులతోనే ఇంటికొచ్చాను. నన్ను అడిగినప్పుడు నన్నే చెప్పనిస్తే బాగుండేది! మీ ఇంట్లో మీ రంగు ఎవరు చెబుతారు?