జమ్మికి బయలుదేరని బండి

మొన్న సాయంత్రం రాజమండ్రిలో గోదావరి గట్టు మీద నడుస్తుంటే, ఎవరో జమీందారుగారి మోటారుబండి చక్రంలో గాలి పోయి ఆగిపోయి కనిపించింది. మోటారుబండి ఈ ఊరికి ఇంకా వింతే గనక చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. పనీ పాటా లేని పింఛనుదారుణ్ణి కాబట్టి నేనూ వాళ్లలో చేరాను. డ్రైవరు జాకీని తిన్నగా గట్టు మట్టి మీదే పెట్టి తిప్పేస్తున్నాడు. పొద్దున్న వాన పడ్డ మట్టి. బండి ఒక పక్కకి లేచింది. ఇంతలో చక్రం బిగించే మర ఒకటి అతని చేతిలోంచి జారి బండి కిందికి దొర్లింది, దాన్ని అందుకోవడానికి అతను వంగి చెయ్యి చాపాడు. తరవాత నేనేం చేశానో నాకే సరిగ్గా తెలీదు. చూస్తే అతని మణికట్టు నా రెండు చేతుల్లో ఉంది. అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఏంటండీ మాస్టారూ, పాణిగ్రహణమా?" అని వెనకనించి ఎవరో అంటే జనమంతా నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. జాకీ కింద పలక పెట్టమనీ, మిగిలిన చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టమనీ చెప్పాను. ముసలాడి పీడ వదిలించుకుందామనో ఏమో, అతను అలాగే చేశాడు. ఇంటికొచ్చి మా ఆవిడతో ఈ సంగతి చెబితే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. జాకీ కథంటే అది ఆవిడ పుట్టింటి కథ గనక, నేను కూడా రెట్టించలేదు.

మామగారిది రామచంద్రపురం దగ్గర ఒక పల్లెటూరు. ఆనకట్ట కట్టాక కాలవ నీళ్లు వచ్చి ఆయన మాగాణి బాగా పండేది. ఆ డబ్బుతో ఊళ్లో మిగిలినవాళ్లు గాదెలు కట్టించుకుంటే, ఆయన మాత్రం కాలవల పని చూసి స్వదేశం వెళ్లిపోతున్న ఒక దొర వేలం పెట్టిన సామాన్లలోంచి ఫీటన్ బండి కొనుక్కొచ్చారు. నాలుగు చక్రాలు, ఒంటి గుర్రం, నల్లగా నిగనిగలాడే తోలు కప్పు. అది మన ఎడ్లబండిలా ఎత్తుగా ఉండేది కాదు. నేలని రాసుకుంటూ పోతున్నట్టుండేది. దాని కిందికి దూరాలంటే పిల్లి కూడా ఓసారి ఆలోచించుకోవాలి. కాలవ గట్టున మామగారు దాన్ని పరిగెత్తిస్తుంటే, పడవల్లో వెళ్లేవాళ్లు లేచి నిలబడి చూసేవారట. బండి తోలడానికి ఒక సాయిబుని పెట్టుకున్నారు గానీ, ఆ సాయిబు పక్కన కూర్చుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే తప్ప, పగ్గాలు ఎప్పుడూ మామగారి చేతిలోనే ఉండేవి.

బండితో పాటు ఆ వేలంలోనే ఒక జాకీ వచ్చింది. ఇనపది, మర తిప్పితే పైకి లేచేది. ఎడ్లబండికి కందెన వెయ్యాలంటే ఇద్దరు భుజం పట్టి ఒక కర్ర పోటు పెడితే సరిపోతుంది. ఈ బండి కింద పోటు కర్ర నిలవదు, భుజం దూరదు. అందుకని జాకీ. నిజం చెప్పాలంటే మామగారికి బండి మీద కన్నా ఆ జాకీ మీదే మమకారం ఎక్కువ. ఇంటికి ఎవరొచ్చినా, మజ్జిగ ఇచ్చిన మరుక్షణం బండి సావిట్లోకి తీసుకెళ్లి కూలేసేవారు. మోకాళ్ల నొప్పుల పురోహితుడుగారు కూడా గొంతుక్కూర్చుని బండి అడుగు చూడాల్సిందే. "ముందు నేల చూడాలండి. మెత్తగా ఉంటే పలక వెయ్యాలి. లేపని చక్రాలకి ముందూ వెనకా రాళ్లు. జాకీ ఇరుసు కిందే పెట్టాలండోయ్, బండి పెట్టె కింద పెడితే విరిగి ఊరుకుంటుంది. లేచింది కదా అని జాకీని నమ్మకూడదు. ఇరుసు కింద దిమ్మ పెట్టి, బరువు దాని మీదకి దింపాలి. అప్పుడు పెట్టండి చెయ్యి" అని పాఠం చెప్పేవారు. పెళ్లిచూపులకి వెళ్లిన రోజున నేను పిల్లని చూసిన సేపు కన్నా ఆ ఇరుసుని చూసిన సేపే ఎక్కువ. దిమ్మ అంటే చింత మొద్దు. దాన్ని కూడా జాకీ పక్కనే గుడ్డ కప్పి ఉంచేవారు.

ఆయనకి ఇంకో ముచ్చట కూడా ఉండేది. పది మందితో కలిసి తప్ప భోంచేసేవారు కాదు. పొద్దున్నే వీధిలో నిలబడి దారిన పోయేవాళ్లని పిలిచేవారు. పంక్తిలో అందరికీ నెయ్యి తనే వడ్డించి, ఆఖర్న తను కూర్చునేవారు. ముద్ద కలపడంలో ఆయనది ఒక తీరు. పప్పూ నెయ్యీ గోంగూరా కలిపి ఆయన తింటుంటే, అప్పటికే కడుపు నిండినవాడికి కూడా మళ్లీ ఆకలేసేది.

పెళ్లయ్యాక మొదటి దసరాకి నన్ను పిలిచారు. పిలిచారంటే మామూలు పిలుపా! నేను మంచినీళ్లు అడిగితే ముగ్గురు లేచేవారు. తలుపు నా చేత్తో తీసుకుంటే అత్తగారు నొచ్చుకునేవారు. విజయదశమి సాయంత్రం నన్ను ఫీటన్ బండిలో పక్కన కూర్చోబెట్టుకుని ఊరి చివర జమ్మిచెట్టు దాకా ఊరేగించాలని మామగారి కోరిక. నడిచినా పెద్ద దూరం కాదు. కానీ కొత్తల్లుణ్ణి ఊరంతా చూడాలి, బండినీ చూడాలి. ఆ పొద్దున్న గుర్రాన్ని పూన్చి ఒకసారి తిప్పి తెస్తే, వెనక చక్రం ఒకటి కీచుమని అరవడం మొదలెట్టింది. చక్రం నడిమి కుండలో కందెన ఎండిపోయింది. చక్రం ఊడదీసి కందెన పెట్టాలి. కందెన పెట్టాలంటే జాకీ కావాలి. జాకీ పూజలో ఉంది.

ఆయుధపూజకి అత్తగారు కొడవళ్లు, నాగటి కర్రు, కత్తిపీట, వాటితో పాటు జాకీనీ దిమ్మనీ కూడా పీటల మీద పెట్టి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. జమ్మి ఆకు తెచ్చి వాటి మీద వేశాకే మళ్లీ ముట్టుకోవాలని ఆ ఇంటి ఆనవాయితీ. మామగారు గడప దగ్గర నిలబడి, "జమ్మికి వెళ్లాలంటే బండి కావాలి. బండికి జాకీ కావాలి. జాకీ కదలాలంటే జమ్మి కావాలి. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావే?" అని అడిగారు. అత్తగారు పిండివంట దగ్గరనించి తలెత్తకుండా, "నడవండి" అన్నారు. "అల్లుణ్ణి నడిపిస్తానా!" అని ఆయన వెళ్లిపోయారు. ఇద్దరిలో ఎవరికీ కోపం లేదు. పండగపూట మొగుడూ పెళ్లాల సరసం లాగే ఉంది నాకు, నవ్వుకున్నాను కూడా.

సాయిబు, "తాటి దుంగేసి లేపేద్దామండి. బోల్డు లేపానండి నేను" అన్నాడు. ఇటికలు పేర్చి, దుంగ ఇరుసు కిందికి దూర్చి, రెండో కొసన ఇద్దరు పాలేళ్లు కూర్చుంటే బండి లేచింది. దిమ్మ లేదు గనక ఇరుసు కింద కూడా ఇటికలే పేర్చారు. వానలకి నానిన పెరడు, పలక వేశారో లేదో నాకు కనిపించలేదు. నేను అరుగు మీద పట్టు కండువాతో తాంబూలం వేసుకుని కూర్చుని ఉన్నాను. ఓ చెయ్యి వేద్దామని లేస్తే మామగారు పరిగెత్తుకొచ్చారు. "మీరు కూర్చోవాలండి అల్లుడుగారూ. మీవాళ్లకి తెలిస్తే మా మొహాన ఉమ్మెయ్యరూ?" అన్నారు. కూర్చున్నాను. చక్రం ఊడింది, కందెన పడింది. ఇంతలో వీధిలో మేళం బయల్దేరింది. ఊళ్లోవాళ్లు కొత్తబట్టలతో గుంపులుగా వెళుతున్నారు. ఊరికే కూర్చున్నవాడికి ఏదో ఒకటి అనకపోతే తోచదు. "పొద్దు వాలుతున్నట్టుందండి" అన్నాను. అంతే అన్నాను. తొందరపెట్టాలని కాదు, పొద్దు నిజంగానే వాలుతోంది. "ఇదిగో, అయిపోయిందండి, అయిపోయింది!" అని మామగారు చక్రం ఎక్కించబోతూ, ఇరుసుకి అంటుకున్న గడ్డిపరక తియ్యడానికి కిందనించి చెయ్యి పెట్టారు.

ఇటికలు ఒక్కసారి పక్కకి జారాయి. ఇరుసు ఆయన కుడిచేతి మీదకి దిగింది. ఆయన కేక వెయ్యలేదు. నేను అరుగు దిగి పరిగెడుతుంటే మాత్రం, పళ్లు బిగించి, "అల్లుడుగారిని ఇటు రానివ్వకండ్రా, బట్టలు పాడైపోతాయి" అన్నారు. పాలేళ్లు దుంగ మళ్లీ దూరుద్దామంటే చోటు లేదు. అప్పుడు అత్తగారు లోపల్నించి వచ్చారు. బంతిపూల దండతో సహా జాకీని రెండు చేతులా పొట్టకి హత్తుకుని, అంత బరువూ తనే మోసుకొచ్చారు. సాయిబు మర తిప్పుతుంటే ఆ పూలరేకులు బురదలో రాలడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

కాలవ పడవ మీద కాకినాడ ఆస్పత్రికి తీసుకెళ్లాం. బొటనవేలూ దాని పక్క రెండు వేళ్లూ తీసేశారు. దారి పొడుగునా ఆయన సాయిబు ఒళ్లో తల పెట్టుకుని, "మీ మొదటి పండగ పాడు చేశానండి" అని నాకే క్షమాపణ చెప్పుకుంటూ ఉన్నారు.

ఆ తరవాత ఆ ఇంట్లో తప్పు కోసం పోటీ మొదలైంది. నా ఇటికలేనండి కొంప ముంచాయని సాయిబు తల బాదుకునేవాడు. జాకీ ఇచ్చి ఉంటే సరిపోయేదని అత్తగారు, ఆ పక్క సంవత్సరం నించి పూజలో ఇనుము పెట్టడమే మానేశారు. పండగకి ముందు ఆ బండి మీద మోజున్నట్టు మీరు నాకు రాసిన ఉత్తరం నాన్నగారికి చూపించకుండా ఉండాల్సిందని మా ఆవిడ. చెయ్యకూడదని తెలిసే చేతులారా చేశానని మామగారు. ఇన్ని తప్పుల మధ్య నా తప్పుకి మాత్రం చోటు దొరకలేదు. నేను నోరు తెరిస్తే చాలు, "మీరేం చేశారండీ పాపం! కదలకుండా కూర్చున్నారు" అనేవారు. నేను కదలకుండా కూర్చోవడం కోసమే కదా అంతా జరిగింది? ఆ ముక్క చెబితే ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఫీటన్ బండి సావిట్లోనే ఉండిపోయింది. కొన్నాళ్లకి దాని సీటు మీద కోళ్లు గుడ్లు పెట్టడం మొదలెట్టాయి.

మామగారు ఎడంచేత్తో రాయడం నేర్చుకున్నారు. లావాదేవీలన్నీ చూసుకునేవారు. భోజనమే కుదరలేదు. మిగిలిన రెండు వేళ్లతో ముద్ద నిలిచేది కాదు. ఎడంచేత్తో అన్నం తినడమన్నది ఆ రోజుల్లో, ఆ ఇంట్లో, ఊహించలేని మాట. అందుకని పంక్తిలో కూర్చోవడం మానేశారు. అందరి భోజనాలూ అయ్యాక, లోపలి గదిలో తలుపు చేరవేసుకుని, అత్తగారు ముద్దలు చేసి పెడితే తినేవారు. అయినా పొద్దున్నే వీధిలో నిలబడి మనుషుల్ని పిలవడం మాత్రం మానలేదు. వాళ్లు వచ్చి కూర్చోగానే ఆయన లోపలికి వెళ్లిపోయేవారు. నేను దసరాకి వెళ్లినప్పుడల్లా ఆ పంక్తిలో నాకు ముద్ద దిగేది కాదు. కలిపింది కలిపినట్టే వదిలేసి లేచేవాణ్ణి. వంట బాగోలేదేమోనని అత్తగారు కంగారు పడేవారు.

ఒక ఏడు తట్టుకోలేకపోయాను. విస్తరి చేత్తో పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లి, ఆయన ఎదురుగా చాప మీద కూర్చున్నాను. "ఇవాళ మనిద్దరం కలిసి తిందాం మావయ్యగారూ" అన్నాను. చాలా గొప్ప పని చేస్తున్నానని నాకు లోపల గర్వంగానే ఉంది. ఆయన మొహం నల్లబడిపోయింది. ఆ చేతిని పంచె మడతలోకి దాచుకున్నారు. నాకు వడ్డించడానికి వెనకాలే వచ్చిన అత్తగారు కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయారు. ఆయన, "అల్లుడుగారూ, మీ ముందు నేను పెట్టించుకుని తినలేనండి. మీరు వెళ్లి పంక్తిలో కూర్చోండి. అక్కడ మీరంతా తింటుంటే ఇక్కడికి నాకు వినిపిస్తుంది. ఎవరు ఏం అడుగుతున్నారో, ఎవరు మారు వడ్డించుకున్నారో అంతా తెలుస్తుంది. మీ గొంతే వినపడదు. మీరు తినకుండా లేచి వెళ్లిపోతున్నారని దానికే నాకు దిగులు" అన్నారు.

ఇన్నాళ్లూ నా బాధ నేను పడుతున్నాననుకున్నాను గానీ, ఆ బాధతోటే ఆయనకి మిగిలిన కాస్త పంక్తి భోజనం కూడా చెడగొడుతున్నానని తెలీలేదు. సిగ్గుతో లేచాను. వెనక్కొచ్చి కూర్చుని, గోడ అవతలికి వినపడేలా, "గోంగూర ఇంకొంచెం వెయ్యండి!" అన్నాను. సరిగ్గా వినపడలేదేమోనని గొంతు పెంచి మళ్లీ అన్నాను. పులిహోర అడిగాను, అప్పడాలు అడిగాను, నెయ్యి తక్కువైందని దెబ్బలాడాను. పక్కనున్న పెద్దమనిషి నన్ను తిండిపోతుగా లెక్క కట్టుకుని కాస్త జరిగి కూర్చున్నాడు. లోపలి గదిలోంచి మామగారు, "అల్లుడుగారికి పెరుగు గడ్డగా ఉన్నది చూసి వెయ్యవే!" అని కేకేశారు. ఆయన పోయేదాకా ప్రతి దసరాకీ అలాగే తిన్నాను. కడుపు పట్టినా పట్టకపోయినా తిన్నాను.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ ఇల్లు ఇప్పుడు వేరేవాళ్లది. నాకు పళ్లూ లేవు, అరుగుదలా లేదు. అయినా దసరా రోజున విస్తరి ముందు కూర్చుంటే, వద్దనుకుంటూనే మారు గట్టిగా అడుగుతాను. మా ఆవిడ వడ్డిస్తుంది. ఇన్నేళ్ల కాలం ఆ గోడ అవతలి మనిషిని తీసుకుపోయింది గానీ, ఇవతల నేనింకా ఆయనకి వినపడేలాగే అన్నం తింటున్నాను.