మొదటి స్థానం ఖాళీగా ఉంచిన మనిషి

మా వియ్యంకుడు మంగళవారం పొద్దున పోయారు. అల్లుడు ఫోన్ చేసి, "నాన్నగారు పోయారత్తయ్యా" అన్నాడు. ఆ తర్వాత మాట రాక ఫోన్ మా మనవరాలికిచ్చాడు. అదీ మాట్లాడలేదు. కాసేపు అటు వాళ్ళు, ఇటు నేను, ఫోన్లు చెవికి పెట్టుకుని ఊరికే ఉన్నాం. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అనకుండా అంతసేపు గడవడం ఆయన బతికుండగా నేనెరగను.

పోయినవాళ్ళని గురించి రాసేటప్పుడు మంచివారు, మృదుస్వభావులు అని మొదలుపెట్టడం మర్యాద. ఆయన మృదుస్వభావి కాదు. మంచితనం మాటంటారా, పొలం గట్టు పక్కవాళ్ళని అడిగితే ఇంకోలా చెబుతారు. నేను చెప్పగలిగింది ఆయన నోటి గురించీ, ఆయన అభిమానించిన రాతిరెక్క గురించీ.

రాతిరెక్క మా చిన్నతనంలో అద్దె పుస్తకాల అంగళ్ళలో దొరికే బొమ్మల కథల వీరుడు. శాపం తగిలి అతని రెక్కలు రాళ్ళయిపోతాయి. ఎగరలేడు. ఆ బరువంతా వీపున మోసుకుంటూ ఆపద ఉన్నచోటికి నడిచి వెళతాడు. తరచుగా ఆలస్యంగా వెళతాడు. నా అభిమానం నీలిముసుగు మీద. ఆమెకి ఏ మహిమలూ లేవు, బుర్ర ఉంది. దుర్మార్గులకి ఒకరిమీద ఒకరికి అనుమానం పుట్టించి, వాళ్ళలో వాళ్ళే కొట్టుకు చచ్చేలా చేసి, ముసుగు సర్దుకుని ఇంటికి పోతుంది.

ఈ సంగతి మా అమ్మాయి పెళ్ళిచూపుల్లో బయటపడింది. వాళ్ళది ఎమ్మిగనూరు పక్క వలస రైతుల క్యాంపు. తాతలనాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం. ఇన్నేళ్ళయినా ఆయన మాటలో 'అండీ' పోలేదు. టౌన్లో, బ్రూస్‌పేటలో ఉన్న మా ఇంటికి వచ్చి, అమ్మాయిని చూడకుండా నా పుస్తకాల బీరువా చూస్తూ నిలబడ్డారు.

"ఇవి అమ్మాయివాండీ?"

"కాదు. నావి."

ఒక పుస్తకం బయటికి తీసి, చచ్చిన ఎలుకని తోక పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నారు. "నీలిముసుగు. పిల్ల మాకు నచ్చిందండీ. తల్లి అభిరుచే కొంచెం ఆలోచించాలి."

"మరి తమరు ఎవర్ని చదివేవాళ్ళో?"

"రాతిరెక్క."

"అబ్బ, నడిచే పక్షి. మేమూ ఆలోచించాల్సిందే అయితే."

రెండు వైపుల పెద్దలూ ఒకేసారి దగ్గారు. పిల్లలకి ముడిపడింది. మాకు మాత్రం ఆ రోజు మొదలైన తగువు మళ్ళీ తెగలేదు. తెంచాలని ఇద్దరం ప్రయత్నించనూ లేదు.

నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. క్లాసులో ఉన్నన్నాళ్ళూ పిల్లలు నాతో వాదించేవారు. ఇంటికొచ్చి కూర్చున్నాక అందరూ వాదించడం మానేశారు. ఏమన్నా "అవునమ్మా" అంటారు. వయసు మళ్ళినవాళ్ళని జనం ఒప్పుకోలుతోనే చంపుతారు. మా వియ్యంకుడు ఒక్కరే నన్ను అలా చంపలేదు. ప్రతి ఆదివారం క్యాంపు నుంచి బస్సెక్కి వచ్చి, ఉగ్గాణీ బజ్జీ తిని, చేతులు కడుక్కుని, "ఏవండీ వదినగారూ, మీ ముసుగావిడ ఇంకా బతికే ఉందా" అని మొదలుపెట్టేవారు. అందుకు నేను ఆయనకి రుణపడి ఉన్నాను. ఈ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. అని ఉంటే వచ్చే ఆదివారం మానేసేవారు.

ఆ పంచాయితీకి మేం నలుగురం. మా మనవరాలు ఇంజినీరింగ్ చదువుతోంది. దాని వీరుడు కొత్తకాలం వాడు, పేరు సున్నా, తలుచుకుంటే మాయమైపోతాడు. నాలుగో మనిషి మా వీధిలో రెడీమేడ్ బట్టల అంగడి పెట్టుకున్నాయన. ఆయన జోడుతలల గద్ద పక్షం. ఎందుకయ్యా అంటే, "రెండు తలకాయలుండాయి కదా మేడమ్మా, ఒగటి నిద్రపోతే ఇంగొకటి అంగడి చూసుకుంటాది" అన్నాడు. వంటింటి తలుపు వెనక చాక్‌పీసుతో వీరుల పేర్లు వరసగా రాసేవాళ్ళం. ఎవరన్నా ఒక ఘట్టం చెప్పాలి, దాని మీద కొట్లాట జరగాలి, చేతులెత్తాలి, వరస మారాలి. ఎక్కువ చేతులు లేస్తే ఏ స్థానమైనా దక్కుతుంది, మొదటిది తప్ప. మొదటి స్థానానికి నాలుగు చేతులూ లేవాలి. ఒక్కటి లేవకపోయినా ఆ వరస ఖాళీ. ఈ నియమం పెట్టింది మా వియ్యంకుడే. బజ్జీ పెట్టించి బట్టల అంగడాయన చేయి కొనేయవచ్చని మొదటి నెలలోనే తేలిపోయింది మరి.

అలా మా తలుపు మీద రెండో స్థానం నుంచే పేర్లుండేవి. పైన ఖాళీ.

ఆయన చాలా కష్టపడ్డారు. రాతిరెక్క వరదలో తెగిన కట్టకి అడ్డంగా నిలబడి, రెక్కలు చాపి నీళ్ళాపిన ఘట్టం ఆయనకి ప్రాణం. ఏడాదికి నాలుగైదుసార్లన్నా దాన్నే తెచ్చేవారు.

"అది వీరత్వం కాదన్నయ్యగారూ, బరువు," అనేదాన్ని. "ఇసక మూటలు నాలుగేస్తే అదే పని జరుగుతాది. మూటలకి మనం చేతులెత్తుతామా?"

"మీ ముసుగావిడైతే నీళ్ళకీ కట్టకీ తగువు పెట్టి ఇంటికెళ్ళేది."

"తగువు పెట్టి ఊరిని కాపాడేది. మీవాడు ఆ ఊరికి చేరేటప్పటికి సగం ఊరు కొట్టుకుపోయుండాది. నాలుగో బొమ్మలో చూడండి."

"నడిచొచ్చాడండీ మరి."

"బస్సులో రమ్మనండి. మీరు రావట్లా?"

బట్టల అంగడాయన, "సాకు బిడప్పా, ఇంగ చాలు, బజ్జీ సల్లారిపోతాంది" అని మధ్యలో పడేవాడు.

నా కంటి శుక్లాలకి ఆపరేషన్ అయిన మర్నాడు ఆయన చూడటానికి వచ్చి, ఆపిల్ పళ్ళు బల్లమీద పెట్టి, "ఇప్పటికైనా నీలిముసుగు ఎంత వికారంగా ఉంటుందో కనబడుతోందా" అన్నారు. మా అమ్మాయి మామగారి మాటకి బిత్తరపోయింది. నాకు మాత్రం ఆ రోజంతా కులాసాగా గడిచింది.

అందుకే ఆయనకి ఊపిరితిత్తుల్లో జబ్బని తేలినప్పుడు నేను పద్ధతి మార్చుకోలేదు. మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూలబడి, ఆయాసం తగ్గేదాకా చేయి ఛాతీ మీద పెట్టుకుని ఉన్నారు.

"రెక్కలుండీ ఎగరలేనివాడిని నెత్తిన పెట్టుకున్నారు," అన్నాను. "ఊపిరితిత్తులుండీ ఊపిరాడకపోవడంలో వింతేముంది?"

బట్టల అంగడాయన లేచి బయటికి పోయాడు. మా వియ్యంకుడు నవ్వి, దగ్గి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, "ఇది బాగుందండీ" అన్నారు. "ఆసుపత్రిలో అందరూ నాతో చంటిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు."

జబ్బు ముదిరాక ఒక ఆదివారం ఆయన మళ్ళీ కట్ట ఘట్టమే తెచ్చారు. కొత్తగా చెప్పిందేమీ లేదు. సగంలోనే ఆయాసం వచ్చి ఆపేశారు. మా మనవరాలు చేయెత్తింది. బట్టల అంగడాయన, నిన్నటిదాకా గద్ద కోసం గొంతు చించుకున్నవాడు, చేయెత్తాడు. ఆయనా ఎత్తారు. ముగ్గురూ నా వంక చూశారు. నేను ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చున్నాను.

"అమ్మమ్మా," అంది మనవరాలు, వంటింట్లోకి నన్ను లాక్కుపోయి. "తాతయ్య ఎక్కువ దినాలు ఉండడంట. నీకు తెలుసు కదా."

"తెలుసు. చచ్చిపోవడం ఘట్టం కాదే. అది అందరూ చేసేదే."

"నువ్వు మనిషివేనా?"

"ఆయన్ని అడుగు."

అది నిజంగానే పోయి, నేనన్నది చెప్పి, మళ్ళీ చేయెత్తి అడిగింది. ఆయన లేచిన చేతులు రెంటినీ చూసి, తన చేయి దించి, "వదినగారు చెప్పిందే సరైంది" అన్నారు. "దించండమ్మా మీరు కూడా. ముష్టి వేస్తారేంటి? ఆవిడ చేయి లేవాలంటే ఆవిడని ఓడించి లేపాలి. లేపుతాను." నా వంక తిరిగి, "ఎత్తితే ఓడిపోయే ఎత్తాలి. అబద్ధం ఎత్తారో, మీ ఇంటి గడప తొక్కను" అన్నారు.

"మీరు తొక్కకపోతే నాకు బజ్జీలు మిగులుతాయి," అన్నాను. మాట మాత్రం ఇచ్చాను.

ఆ తర్వాత ఆయన బస్సెక్కలేదు. ఇంటి దగ్గర మంచంలో పడుకుని రాతిరెక్క పుస్తకాలన్నీ మొదటినుంచీ మళ్ళీ చదువుతున్నారని అమ్మాయి చెప్పింది. మందుకి లేవని మనిషి పుస్తకానికి లేచి కూర్చుంటున్నారట. భూతద్దం తెప్పించుకున్నారట. ఏదో దొరికినట్టుంది, ఎవరికీ చెప్పడం లేదంది.

ఆసుపత్రిలో చేర్చాక వచ్చిన ఆదివారం మేం ముగ్గురం అక్కడికే పోయాం. గది గుమ్మం దగ్గర, తలుపుకి వేలాడే తెర బయట, మనవరాలు నా మోచేయి పట్టుకుంది.

"అమ్మమ్మా, కాళ్ళు పట్టుకుంటా. ఈరోజన్నా ఎత్తు. ఆయన ఏం చెప్పినా ఎత్తు."

కుదరదని చెప్పి ఉండాల్సిందే, కానీ దాని మొహం చూస్తే నోరు రాలేదు. తెర తీసుకుని లోపలికి పోయాం.

ఆయన సగానికి సగమయ్యారు. దిండు కింద నుంచి పాత పుస్తకం తీసి, వేలు పెట్టి ఉంచిన పేజీ తెరిచారు. కట్ట ఘట్టమే. "మళ్ళీ అదేనా," అన్నాను. "కాదండి. దాని తర్వాతది," అన్నారు.

వరద తీసిన తర్వాత, పేజీ అడుగున, అగ్గిపెట్టె అంత బొమ్మ ఉంది. మాటలు లేవు. జనమంతా వెళ్ళిపోయారు. బురదలో రాతిరెక్క ఇంకా రెక్కలు చాపుకునే నిలబడి ఉన్నాడు. ఒక ముసలామె అతని రెక్క మీద తడిసిన చీర ఆరేసి, పక్కన చతికిలబడి ఉంది. అతనెవరో ఆమెకి పట్టినట్టు లేదు. పేజీ తిప్పితే మళ్ళీ అలాంటి బొమ్మే. నీడ ఇటునుంచి అటు మారింది. అతను మారలేదు.

"నీళ్ళు పోయాయండీ," అన్నారు, మాట మాటకీ ఆగుతూ. "ఇంక అక్కడ పనేం లేదు. పోవచ్చు. ఆవిడ చీర ఆరేదాకా నిలబడ్డాడు. ఇసక మూట కూడా నిలబడుతుంది లెండి. కానీ మూటకి పోయే వీలు లేదు. వీడికుంది."

ఆ పుస్తకం నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. కట్ట తెగే పేజీ చూసి, ఊరు తేలే పేజీ చూసి, మూసేసేదాన్ని. నీలిముసుగు ఇన్ని కథల్లో పని అయ్యాక ఒక్క నిమిషం ఎక్కడైనా నిలబడిందా అని వెతుక్కున్నాను. నిలబడలేదు. ఓడిపోయాను. చరిత్ర చెప్పినదాన్ని, ఓటమిని గుర్తు పట్టగలను.

చేయెత్తాను.

మనవరాలు వెక్కి, తనూ ఎత్తింది. బట్టల అంగడాయన ఎత్తాడు. మా వియ్యంకుడు నా చేయి వంక చూశారు, తర్వాత గుమ్మానికి వేలాడే ఆ పలచని తెర వంక చూశారు. ఆయన చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయని అప్పుడు నాకు తట్టింది.

"మీరు కూడానా వదినగారూ," అన్నారు.

"కాదన్నయ్యగారూ. నిజంగానే ఎత్తాండాను. చీర ఘట్టానికే ఎత్తాండాను."

"మాట ఇచ్చారు."

"ఆ మాట మీదే ఉండాను."

"అబద్ధం చెప్పడం మీకు రాదనుకున్నాను," అన్నారు. కోపంగా కూడా అనలేదు. నేనూ అందరి లాంటిదాన్నే అయిపోయానని తేలినట్టు అన్నారు. "దించండి."

ఆయన చేయి దుప్పటి కిందే ఉంది. పుస్తకం మూసి గోడవైపు తిరిగారు. మనవరాలు ఏదో చెప్పబోయింది. అది చెప్పే ప్రతి మాటా నా చేతిని ఇంకా అబద్ధం చేస్తుందని కళ్ళతోనే ఆపాను. బట్టల అంగడాయన మెల్లగా చేయి దించుకున్నాడు. మనవరాలు దించుకుంది. నేను దించలేదు. వాదించడానికి నా దగ్గర ఇంకే ఘట్టమూ లేదు. భుజం లాగుతోంది. ఆయన వీపు ఊపిరికి లేస్తోంది, పడుతోంది.

అటుగా పోతున్న నర్సమ్మ తెర తీసి చూసి, లోపలికొచ్చింది.

"ఏమ్మా, చేయెత్తినారు, ఏమన్నా కావాల్నా?"

ఆయన ఇటు తిరగలేదు. నేను చేయి అలాగే ఉంచాను.