మొదటి ముద్ద

మా లాండ్రీలో ఇస్త్రీ చేసే అక్క మధ్యాహ్నం మాతో కూర్చుని ఒక్కనాడూ తినలేదు. భోజనాల వేళ అవగానే పెట్టె పక్కన పెట్టి ఇంటికి పరుగు. గొప్పలు పోతోందని మిగతావాళ్లు మూతులు తిప్పుకునేవారు. వాళ్ల మొహం, వాళ్లకేం తెలుసు?

వాళ్లమ్మకి మనసు బాగోదు. అన్నంలో ఎవరో విషం కలుపుతున్నారని భయం. కూతురు అదే కంచంలోంచి మొదటి ముద్ద తింటేనే తను చెయ్యి పెడుతుంది, లేదంటే పస్తే. డాక్టరు మాత్రలిచ్చాడు గానీ, మాత్ర కంటపడితే చాలు, ఆవిడ నోరు బిగించేస్తుంది.

పెద్దకొడుకు ఉన్నాడు, మహానుభావుడు. వేరే ఊళ్లో కాపురం. అన్నంలో కలిపి పెట్టెయ్, అందరూ చేసేదేగా అని ఫోన్లో సలహా. ఒడ్డున కూర్చున్నవాడు ఎన్నయినా చెప్తాడు. అక్క ఒప్పుకోలేదు. అమ్మకి లోకంలో మిగిలిన నమ్మకం నా చేతి మీదొక్కటే, అదీ పోతే ఇంకెవరున్నారు అనేది.

తర్వాత ఆవిడ నిద్ర మానేసింది. ఒక పొద్దున రోడ్డు మీదికి పరిగెత్తి లారీ కింద పడబోయింది. ఆ రోజే అక్క మాత్ర పొడి చేసి అన్నంలో ఓ పక్కన కలిపింది. తను రెండో పక్కనుంచి ముద్ద తీసింది. ఎప్పుడూ మధ్యకి వెళ్లే చెయ్యి అంచుకి పోతే కన్నతల్లి కనిపెట్టదా? ఆవిడ కంచం తిప్పి, ఈ పక్క తినమంది.

తినక చస్తుందా? తిననంటే ఆ నమ్మకం కాస్తా పోతుంది. ఆ పక్కంతా తినేసి, మాత్ర మత్తుకి గోడకి ఆనుకుని అక్కడే నిద్రపోయింది.

పనికి తిరిగి రాలేదేమా అని సాయంత్రం నేనే వెళ్లాను. వాళ్లమ్మ అక్క తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను గుమ్మం దాటనివ్వలేదు. నా బిడ్డకి విషం పెట్టారని ఏడుస్తుంది, అరచేత్తో అక్క మొహం తుడుస్తుంది, మళ్లీ ఏడుస్తుంది. చూడలేకపోయాను.

అక్కకి మెలకువైతే వచ్చింది గానీ, ఆ రోజుతో ఇంట్లో వరస తిరగబడింది. అక్క కంచం ముట్టుకోబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగు. ముందు నేను తింటాను. నాకేమైనా అయితే నువ్వు తినకు."

కూతురి బదులు చావడానికి సిద్ధపడి ఆవిడ తినే ఆ ముద్దలోనే, రాత్రిపూట అక్క మాత్ర కలపడం మొదలుపెట్టింది. సంగతి తెలిసి అన్నగారు శభాష్ అన్నాడు, పీడ వదిలిందన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్క నా దగ్గర భోరుమంటే మాత్రం తప్పనలేను, ఒప్పనలేను.

మందు పనిచేసింది. ఆవిడ కంటినిండా నిద్రపోతోంది, తల దువ్వుకుంటోంది, వీధిలో వాళ్లని పలకరిస్తోంది. అక్కకే మాటలు తగ్గిపోయాయి. ఇంట్లో ఉన్నది ఇద్దరు, ఆ రెండో మనిషికే చెప్పకూడని మాటాయె.

నిన్న రాత్రి అన్నం కలుపుతూ ఆవిడ మామూలుగానే అడిగిందట.

"ఆ రోజు నీకు విషం పెట్టిందెవరో తెలిసిందా?"

తెలీలేదమ్మా అందట అక్క. ఆవిడ తలూపి, ముద్ద నోట్లో పెట్టుకుందట.