అరటిపువ్వు సలాడ్ మీద ప్రార్థన

ఆదివారం మా ఇంట్లో ప్రార్థన కూటం జరిగింది. మా అత్తయ్య లేచి మళ్ళీ అదే సాక్ష్యం చెప్పింది. కంబోడియాలో మనవరాలికి ఊపిరాడకపోతే తన మొర దేవుడు ఆలకించాడట. రాయపూర్ దేవేంద్ర నగర్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్ళందరూ స్తోత్రం అన్నారు. పిల్లకి ఎందుకు ఊపిరాడలేదో మాత్రం ఎవరూ అడగలేదు.

మా పాపకి వేరుశెనగ పడదు. కంబోడియా వెళ్ళడానికి ముందు ఏడాది ఇక్కడే ఒక పెళ్ళిలో చిక్కీ ముక్క తిని పెదాలు వాచిపోతే డాక్టరు గట్టిగా చెప్పాడు, పొడి కూడా తగలనివ్వొద్దని. అత్తయ్య నర్సుగా రిటైరైన మనిషి. ఆ మాట విని నవ్వింది. "మన ఇంటా వంటా లేని జబ్బు. కొంచెం కొంచెం పెడితే అదే అలవాటవుతుంది."

మా ఆయన సిల్తారాలో ఉక్కు ఫ్యాక్టరీలో పని చేస్తారు. సెలవు దొరికిందని నలుగురం కంబోడియా వెళ్ళాం. అక్కడి వంట నేర్పే క్లాసుకి పేరు ఇచ్చింది నేనే. నేర్పే ఆవిడ మొదటే అడిగింది, ఎవరికి ఏది పడదని. నేను చెప్పాను. ఆవిడ పాప కోసం ఒక చిన్న రోలు కడిగించి విడిగా పెట్టించింది. అందులో నిమ్మగడ్డి, పసుపు, వెల్లుల్లి నేనే దంచాను. అత్తయ్య అరటిపువ్వు వలిచింది. ఒక్కో పూవులోంచి గట్టి కాడ లాగి పారేస్తుంటే నేర్పే ఆవిడ మెచ్చుకుంది. మా ఆయన ఫోటోలు తీశారు. ఆ సలాడ్ మీద చివర్లో వేయించిన వేరుశెనగ పలుకులు చల్లుతారు. పాప గిన్నె వేరేగా, నా పక్కనే ఉంది.

తినేముందు అత్తయ్య ప్రార్థన మొదలుపెట్టింది. కళ్ళు మూసుకున్నాం. వండినవాళ్ళనీ, ఆ దేశాన్నీ, రాయపూర్‌లో మా సంఘాన్నీ, అందరినీ తలుచుకుంది. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి పాప నోట్లో చెంచా ఉంది. గిన్నెలో సలాడ్ మీద నలిపిన పలుకులు.

"అత్తయ్యా, ఏం వేశారు?"

"కొంచెమేలే అమ్మాయ్. ప్రార్థన చేసిన ఆహారం ఏమీ చెయ్యదు."

పాప గొంతు పట్టుకుంది. నా సంచిలోని మందు పట్టించాను. నేర్పే ఆవిడ మమ్మల్ని తన బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దారంతా నేను అరుస్తూనే ఉన్నాను. సూది వేశాక పాప ఏడ్చింది. ఆ ఏడుపు వినేదాకా నాకు ప్రాణం లేదు.

హోటల్‌కి వచ్చాక మా ఆయన అన్న మొదటి మాట: "అందరి ముందూ అమ్మ మీద అలా అరవాలా? తమాషా బనా దియా. నవ్వులపాలు చేశావు."

ఇంటికొచ్చాక ఆ కథలోంచి పలుకులు పోయాయి. ప్రార్థన మిగిలింది. ఇన్నాళ్ళూ నేను ఊరుకున్నాను, ఇల్లు గొడవ కాకూడదని. ఆదివారం మాత్రం స్తోత్రాలు ఆగగానే లేచి నిలబడ్డాను.

"ఆ పలుకులు వేసింది అత్తయ్యే. ప్రార్థన చేస్తూ వేసింది. బతికించింది సూదిమందు," అన్నాను.

ఎవరో గొంతు సవరించుకున్నారు. ఇంకెవరో పాట ఎత్తుకున్నారు. అందరూ వెళ్ళిపోయాక మా ఆయన, "దేవుడి పేరు తీసేసి సూది పేరు చెప్తావా?" అన్నారు. దేవుడి మీద నాకేం కోపం లేదు. పాప గిన్నెలో చెయ్యి పెట్టింది దేవుడు కాదు.

అత్తయ్య నాతో రెండు పూటలు మాట్లాడలేదు. ఇవాళ రాత్రి భోజనాల దగ్గర మాత్రం ఎప్పటిలా చేతులు జోడించింది. మా ఆయన కళ్ళు మూసుకున్నారు. పాప కూడా. నేను పాప కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. ప్రార్థన మధ్యలో ఆవిడ ఒక కన్ను తెరిచింది.

"కళ్ళు మూసుకో అమ్మాయ్."

"మీరు కానివ్వండి అత్తయ్యా," అన్నాను.