ఓర్వల్ ఈల

మిస్సోరీ హైవే పక్కన లారీలు ఆగే చోట, రేకుల షెడ్డులో ఓర్వల్ టకెట్ రేడియోలు బాగుచేస్తాడు. దారిలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే సీబీ రేడియోలో తమ మాట పక్క కౌంటీ దాకా పోవాలని లారీవాళ్ళు బిగించుకునే ఆంప్లిఫయర్ పెట్టెలు ఎన్ని వాట్లు ఇస్తున్నాయో కొలిచి చెప్పడం అతని విద్య. ముందు చొక్కా అంచుతో మీటరు అద్దం తుడుస్తాడు. మైకు నోటిదగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, సన్నగా ఈల వేస్తాడు. ఆ ఈల జోరుకు ముల్లు ఒక్క గెంతున ఐదువందల వాట్లు దాటుతుంది, లారీవాడి ఛాతీ దానితోపాటే ఉబ్బుతుంది. ఈల లేకుండా అసలు లెక్క చూపే చిన్న మీటరు సొరుగులో ఉంది; దాన్ని తీయమన్నవాడు మొన్నమొన్నటిదాకా లేడు.

మొన్న మార్చిలో పల్లీపట్టీ కొరుకుతుంటే ఓర్వల్ ముందుపన్ను ఊడింది. ఆ వారం అతని ఈలలో గాలి తప్ప మరేం లేదు. డ్వేన్ అనే లారీవాడి పెట్టె రెండువందల దగ్గరే చతికిలబడింది.

“నిరుడు నువ్వే గదా ఐదొందలన్నావు? పెట్టె చచ్చిందా ఏంటి, ఓర్వల్?”

ఓర్వల్ నాలుకతో పంటిసందు తడుముకుంటూ మీటరు మీంచి చూపు తీయలేదు. వెనక నిలబడ్డ వెర్నా, పందుల లారీ నడిపే మనిషి, మైకు లాక్కుని, నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల కొట్టింది. ముల్లు చివరికంటా పోయి ఠక్కున కొట్టుకుంది. డ్వేన్ పెట్టెను చంకన పెట్టుకుని మురిసిపోతూ వెళ్ళాడు.

“పెట్టెకేం రోగం లేదు, రోగమంతా నీ పంటికే,” అంది వెర్నా. “నా దగ్గర ఈ వేషాలొద్దు. నా పెట్టె ఉన్నదున్నట్టు కొలిచి చెప్పు.”

ఓర్వల్ సొరుగు లాగి చిన్న మీటరు తగిలించాడు. నూట తొంభై. వెర్నా ఆ అంకె చూసి, మైకు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

“సరేలే, ఆ పెద్ద మీటరే పెట్టు. ఈల నేనే వేసుకుంటా.”