లేడంటే యాడికి పొయ్యినాడు?

ఆ రోజుల్లో దేవుడు లేడని తేల్చెయ్యడానికి నాకు ఒక టీ తాగేంత సేపు చాలేది. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. నేను పుదుచ్చేరిలో కాలేజీ చదువు ముగించి, ఉద్యోగం దొరక్క ఊరికే తిరుగుతున్నాను. పనిలేనివాడికి ఈ విశ్వం ఎలా పుట్టిందో ఆలోచించడానికి ఎంత తీరికుంటుందో మీకూ తెలిసే ఉంటుంది. సాయంత్రాలు మూలకుళంలో మా వీధి చివరి టీ అంగడి దగ్గర నాలాంటివాళ్లం చేరేవాళ్లం. మాకొక పెద్ద ఉండేవాడు. ఎవరేం చెప్పినా ‘ఆదారం ఎన్న?’ అని తమిళంలో రుజువు అడిగేవాడు కాబట్టి ఆయనకు ఆదారం అన్న అని పేరు పడింది. (టీ బాగుందన్నా ఆదారం అడిగేవాడు.) ఆయన దగ్గర నేర్చుకున్న వాదాలన్నీ నాకు తమిళంలోనే నోటికి వచ్చు. తెలుగు మాకు ఇంట్లో మాట్లాడుకునే భాష మాత్రమే. మా వాళ్లు ఏ తరంలోనో వచ్చి ఇక్కడ సేద్యంలో దిగారు. మాట నిలిచింది, రాత పోయింది. (ఈ అక్షరాలు నేను ముప్పై దాటాక కూర్చుని దిద్దుకున్నవి, తప్పులుంటే మన్నించండి.)

అలాంటి నాకు ఒక ఆదివారం మహత్తరమైన అవకాశం రాబోతోందని తెలిసింది. దేవుడు ఉన్నాడా, లేడా అని ఒక ట్యుటోరియల్ మేడమీద వాదన పెట్టారు. రిటైరైన హెడ్మాస్టరొకాయన తీర్పరి. లేడనే పక్షానికి ముఖ్య వక్తను నేనే. దానికోసం మా వైపు నాస్తికులు వేసుకునే నల్లచొక్కా కుట్టించుకున్నాను. చొక్కాకు తోడు నా జుట్టొకటి ఉండేది. చెవులు కప్పి మెడమీదికి దిగిన ఆ జుట్టును వేదికమీద ఏ మాట దగ్గర వెనక్కి తోసుకోవాలో కూడా అద్దం ముందు సాధన చేసి పెట్టుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే తాత పడిపోయాడు. తాతకు ఒక వ్యాను ఉండేది. తేంగాయితిట్టు చేపల రేవుకు ఐసుగడ్డలు తోలేవాడు. ఇంట్లో ఉండే మనిషి కాదు. గుండె జబ్బని ఆస్పత్రిలో చేర్చాక ఆయన ఒక్కచోట అంతసేపు ఉండటం నేను మొదటిసారి చూశాను. డాక్టర్లు ఏమడిగినా ‘చూద్దాం’ అనేవారు. అవ్వ చూద్దామని ఊరుకోలేదు. వీరాంపట్టినం అమ్మవారికి మొక్కేసింది. ఆడి నెల రథోత్సవంలో, తేరు రోజున, మనవడి జుట్టు ఇస్తాను, నా మనిషిని నాకు ఇయ్యమని. జుట్టుగలవాణ్ణి ఒక్కమాట అడగలేదు. తేరు శుక్రవారం, నా ఉపన్యాసం ఆదివారం.

గుండుతో పోయి దేవుడు లేడని చెప్పే వక్తను మీరే ఊహించుకోండి. అందుకని ముందు అవ్వను ఒప్పించాలనుకున్నాను. వాదనకు సాధనగానూ ఉంటుంది. ఆదారం అన్న నేర్పిన వరసలోనే మొదలుపెట్టాను గానీ, అవ్వ కోసం దాన్ని తెలుగులోకి తిప్పుకోవాల్సి వచ్చింది.

"అవ్వా, దేవుడు లేడు" అన్నాను.

అవ్వ మునగాకు దూస్తోంది. తలెత్తకుండానే "యాడికి పొయ్యినాడు?" అంది.

ఆమె ఎగతాళి చెయ్యలేదు. మా ఇంట్లో ఆ మాటకు ఉన్న వాడుక అదొక్కటే. పొద్దున లేస్తే తాత కోసం ఎవరో ఒకరు వచ్చేవారు. వ్యాను కావాలనో, ఐసు రాలేదనో వాకిట్లో నిలబడి ‘ఉండాడా?’ అని అడిగేవారు. అవ్వ లోపల్నుంచే ‘లేడు’ అనేది. లేడంటే బయటికి పోయాడని, ఎప్పుడో ఒకప్పుడు వస్తాడని. పెళ్లయిన నాటినుంచీ అదే మాట చెబుతూ వచ్చిన మనిషి దగ్గర నేను అదే మాటతో దేవుణ్ణి కొట్టెయ్యబోయాను. పోయేదేం లేదని సర్దుకుని, ఇప్పుడనే కాదు, ఎప్పుడూ లేడని గట్టిగా చెప్పాను.

"మీ తాత మాత్రం ఎప్పుడుండాడురా ఇంట్లో? అందుకని లేని మనిషై పోతాడా?" అంది అవ్వ. కాసేపు ఆకు దూసి, నా మొహం చూసి జాలిపడిందేమో, "సరే, ఆయన లేడనే అనుకో. అమ్మోరు యాడికి పోతుంది? ఆడది, ఇంట్లోనే గదా ఉండేది" అంది.

నేను సిద్ధం చేసుకున్న వాదాలన్నీ మగదేవుడి మీదే. (మొక్కు వెళ్లింది అమ్మవారికన్న సంగతి నాకు తట్టనే లేదు.) ఆ పూట ఓడిపోయి టీ అంగడికి పోయి ఆదారం అన్నకు మొరపెట్టుకున్నాను. ‘ఇంట్లోనే ఉంది’ అన్నదాని మీద ఆయన రెండు టీలు తాగాడు. చివరికి గుండు మాత్రం కుదరదని, అది మొత్తం పక్షం మర్యాదకు సంబంధించిందని చెప్పాడు. నేనూ కుదరదనే నిశ్చయించుకున్నాను.

గురువారం సాయంత్రం ఆస్పత్రికి అన్నం తీసుకుపోయాను. తాత ముక్కులో గొట్టంతో నిద్రపోతున్నాడు. అంత పెద్ద మనిషి ఆ మంచంమీద ఎంత చిన్నగా కనిపించాడో చెప్పలేను. అవ్వ బయట బల్లమీద కూర్చుని ఉంది. లోపల డాక్టర్లు ఇంగ్లీషులో ఏదో మాట్లాడుకుంటున్నారు. నేను తేరు సంగతి ఎత్తుతానని ఆమె కనిపెట్టినట్టుంది.

"డాక్టరు చేసేది డాక్టరు చేస్తుండాడు. మీ నాయన మందులకు తిరగతా ఉండాడు. నేనేం చేసేదిరా? నా చేతిలో ఏం ఉండాది?" అంది.

నా జుట్టు వంక చూడలేదు. ఆమె నన్ను అడిగింది దేవుడి గురించి కానే కాదు. నాకు ఏడుపొచ్చింది. నీళ్లు తెస్తానని చెంబు తీసుకుని అక్కణ్ణుంచి లేచిపోయాను.

మర్నాడు వీరాంపట్టినంలో, తేరు కదలకముందే, సముద్రపు గాలిలో కూర్చుని తల వంచాను. గొరిగే ఆయన ఇంత జుట్టు పెంచి ఇస్తున్నావంటే పెద్ద మొక్కే అయ్యుంటుందని మెచ్చుకున్నాడు. మొక్కు నాది కాదని, నేను నాస్తికుణ్ణని చెప్పాను. ఆయన కత్తి ఆపకుండా, తల కదిలించవద్దన్నాడు. అయ్యాక అవ్వ నా గుండుకు చందనం పూసి, కాస్త దూరం జరిగి చూసి నవ్వింది. తాత పడిపోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఆదివారం నల్లచొక్కాలోంచి, చందనం రంగు ఇంకా వదలని గుండుతో వేదిక ఎక్కాను. హాలు చాలాసేపు నవ్వింది. నా వాదం ఏ ముక్కా వదలకుండా చెప్పాను. జుట్టు తోసుకోవాల్సిన చోటల్లా చెయ్యి అలవాటుగా పైకి లేచి, ఏమీ దొరక్క కిందికి దిగింది. ఎదుటి పక్షంవాడు లేచి ఒక్కమాటా మాట్లాడకుండా నా తల చూపించి కూర్చున్నాడు. నోరొక పక్షం, తల ఒక పక్షం మాట్లాడాయి కాబట్టి సమానమని హెడ్మాస్టరు తీర్పిచ్చారు. కిందికి దిగుతుంటే ఆదారం అన్న ఎదురొచ్చాడు. తిడతాడనుకున్నాను. తాతకెలా ఉందని అడిగి, గుండుమీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయాడు. ఆ రోజు ఆయన నన్ను ఆదారం అడగలేదు.

తాత ఇంటికి రాలేదు. గుండుమీద నూగు మొలిచే వేళకు పోయాడు. వాదం గెలవాలంటే అప్పుడు గెలవచ్చు. చూశావా అవ్వా అంటే సరిపోయేది. నాకు ఆ ఆలోచన కూడా రాలేదు. అవ్వ కూడా అమ్మవారిని ఒక్కమాట అనలేదు. మునగాకు దూసే చోటే కూర్చుని వాకిలి చూస్తూ ఉండేది.

కొన్ని నెలల తరవాత ఒక పొద్దున వాకిట్లో ఎవరో పిలిచారు. తాత పాత స్నేహితుడు, మా తెలుగాయనే. కూతురింటికని బొంబాయి పోయి అప్పుడే ఊళ్లో దిగాడు. ఆయనకేమీ తెలియదు.

"అబ్బయా, మీ తాత ఉండాడా?"

అవ్వ లోపలే ఉంది. వింటోంది. ప్రతిసారీ జవాబిచ్చే గొంతు ఈసారి లేవలేదు. పోయిన మనిషి గురించి చెప్పే మాటలు నాకూ వచ్చు గానీ, ఆమె వినేలా ఆ మాట అనలేకపోయాను. నోటికి ఒక్కటే వచ్చింది.

"లేడు" అన్నాను.

"యాడికి పొయ్యినాడు?" అన్నాడాయన.

నేను అలాగే నిలబడిపోయాను. ఆయన నా మొహం చూశాడు, లోపలి చీకటి వంక చూశాడు, మెల్లగా చెప్పులు విడిచాడు. లోపల్నుంచి అవ్వ, ఎప్పటిలాగే, కూచోమని చెప్పు, కాఫీ పెడతానంది.

ఇప్పుడు నా తలమీద జుట్టు మొక్కుతో పనిలేకుండా దానంతటదే పోతోంది. అద్దం ముందు సాధన చేసిన ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడి మీద కోపం లేదు, వాడి వాదంలో ఈనాటికీ నాకు తప్పు కనిపించదు. దేవుడి సంగతి ఎవరైనా అడిగితే ఇప్పటికీ లేడనే చెబుతాను. చెప్పాక మాత్రం వెంటనే లోపలికి పోలేను, కాసేపు వాకిట్లోనే నిలబడతాను.